క్లాసుల టైమ్ టేబుల్ పక్కనే సముద్రం టైమ్ టేబుల్

సముద్రం ఒడ్డున ఉన్న యూనివర్సిటీలో సీటు వచ్చిందనగానే అందరూ అడిగేది ఒకటే: రూమ్ కిటికీలోంచి నీళ్లు కనబడతాయా? మూడో నెలకల్లా ప్రశ్నలు మారిపోతాయి. మడతపెట్టిన చొక్కాకు ఈ వాసనేంటి? కొత్త సైకిల్ చైన్ ఇంత ఎర్రబడిందేంటి? ఛార్జర్ పెడితే ఫోన్ ఎందుకు పట్టుకోవడం లేదు? ఎలా చదవాలో చెప్పడానికి చాలామంది ఉన్నారు. ఉప్పు గాలిలో వస్తువుల్ని, ఒంటిని, రోజుని ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది కొత్తగా చేరబోయేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు గాలి సంగతి తెలియాలి. పగలు నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికపడి పైకి లేస్తే, ఆ చోటులోకి సముద్రం మీది గాలి వచ్చి చేరుతుంది. ఎండ బాగా కాసే రోజున ఇది సాధారణంగా పొద్దున పది, పదకొండు మధ్య మొదలై, మధ్యాహ్నం రెండు మూడింటికి జోరందుకుని, పొద్దుగూకాక సద్దుమణుగుతుంది. రాత్రికి నేల త్వరగా చల్లారుతుంది కాబట్టి గాలి అటు తిరుగుతుంది, నేల మీంచి సముద్రం వైపు. తెల్లవారుజామున తగిలే గాలి అదే. దాంట్లో ఉప్పు చాలా తక్కువ. సముద్రం వైపు కిటికీలు తెల్లవారు నుంచి పది దాకా బార్లా తెరిచి, ఆ తర్వాత మూసేయడం ఒక్కటి అలవాటైతే సగం తలనొప్పి తగ్గుతుంది. ఊరి వైపు కిటికీ ఉంటే దాన్ని పగలంతా తెరిచే ఉంచండి.

మరి ఉప్పు గాలిలోకి ఎలా వస్తుంది? అల విరిగి నురగైనప్పుడు అందులో బుడగలు పగులుతాయి. పగిలిన ప్రతి బుడగ కంటికి కనబడని ఉప్పునీటి తుంపర్లను పైకి చిమ్ముతుంది, గాలి వాటిని మోసుకొస్తుంది. పెద్ద తుంపర్లు మొదటి కొన్ని వందల మీటర్లలోనే నేలకు దిగిపోతాయి. అందుకే ఒడ్డునే ఉన్న హాస్టల్‌కీ, కిలోమీటరు లోపల ఉన్న హాస్టల్‌కీ తుప్పులో అంత తేడా.

అసలు చిక్కు ఉప్పు గుణంలో ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తనే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలిసి ఉంటుంది. దానికైతే 33 శాతం దగ్గరే ఆ గుణం మొదలవుతుంది. అంటే వేలితో తాకితే పొడిగా అనిపించే ఇనుప వస్తువు మీద కూడా కంటికి ఆనని ఉప్పునీటి పొర ఒకటి ఉండే ఉంటుంది. తుప్పు పట్టడానికి అది చాలు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. తుప్పు కనబడగానే నూనె పట్టిస్తారు. ఉప్పు మీద నూనె రాస్తే ఉప్పును లోపల పెట్టి మూత వేసినట్టే. మంచినీళ్లతో ఉప్పు కడగాలి, పూర్తిగా ఆరనివ్వాలి, ఆ తర్వాతే నూనె. లోహంతో చేసిన ఏ వస్తువుకైనా వరుస ఇదే.

సైకిల్‌నే తీసుకోండి, ఎందుకంటే క్యాంపస్‌లో అందరికంటే ముందు పాడయ్యేది అదే. వారానికి ఒకసారి బకెట్ మంచినీళ్లు, ఒక స్పాంజి చాలు. ప్రెషర్ పైపుతో కొట్టకండి, ఆ జోరుకు నీరు బేరింగుల్లోకి దూరి లోపలి గ్రీజును తోసేస్తుంది. చైన్‌ను పాత గుడ్డలో పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ, గుడ్డకు నలుపు తగ్గేదాకా తుడవండి. గంటసేపు ఆరనిచ్చాక ఒక్కో రోలర్ (చైన్ లింకుల మధ్య తిరిగే చిన్న గొట్టం) మీద ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ ఇరవై ముప్పై చుట్లు తిప్పి, పది నిమిషాలు ఆగి, పైన మిగిలిన నూనె మొత్తం మళ్లీ తుడిచేయండి. ఈ చివరి తుడుపును అందరూ వదిలేస్తారు. నూనె పని చేయాల్సింది రోలర్ లోపల. పైన మిగిలినదానికి ఇసుక అంటుకుని ఆకురాయిలా చక్రాల పళ్లను అరగదీస్తుంది. చైన్ ఎంత సాగిందో చూడాలంటే స్కేలు చాలు: పన్నెండు పూర్తి లింకులు (లోపలి రేకుల జత, బయటి రేకుల జత కలిస్తే ఒక పూర్తి లింకు) 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైన్ మార్చే వేళయింది. ఇంకా సాగనిస్తే పళ్ల చక్రాలు కూడా మార్చాల్సి వస్తుంది.

సీటు కింది గొట్టం సంగతి ఇంకా ముఖ్యం. ఫ్రేమ్ ఉక్కుదై, ఆ గొట్టం అల్యూమినియందైతే, రెండు లోహాల మధ్య ఉప్పునీరు చేరగానే అది చిన్న బ్యాటరీలా పని చేస్తుంది, అల్యూమినియం తినేయబడి లోపలే బిగుసుకుపోతుంది. సెమిస్టర్‌కు ఒకసారి గొట్టం బయటకు తీసి, తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ పెట్టండి. ఎంత ఎత్తులో ఉందో ముందే టేపు ముక్కతో గుర్తు పెట్టుకుంటే వెతుక్కోనక్కర్లేదు. తాళం కొనేటప్పుడు ఇత్తడి తాళం తీసుకోండి. స్టీల్ సామాన్లలో 304, 316 అని రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి. 316లో మాలిబ్డినం అనే లోహం కలిసి ఉంటుంది కాబట్టి ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. 304 మీద కొన్ని నెలల్లోనే టీ మరకల్లాంటి గోధుమ రంగు మచ్చలు తేలతాయి.

ల్యాప్‌టాప్‌కు శత్రువులు ఇద్దరు. మొదటిది మధ్యాహ్నం కిటికీ పక్కన పెట్టుకుని పని చేయడం. లోపలి ఫ్యాన్ ఆ ఉప్పు గాలినే గంటల తరబడి బోర్డు మీదుగా లాగుతుంది. రెండోది మంచు పట్టడం. బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకోండి. ఆ గాలి 26 డిగ్రీలకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీటి బొట్లు కడుతుంది. ఏసీ లైబ్రరీలో 22 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఉన్న ల్యాప్‌టాప్‌ను బయటికొచ్చి వెంటనే తెరిస్తే ఆ బొట్లు బయటి రేకు మీదే కాదు, లోపల కూడా పడతాయి. దానికి చేయాల్సిందల్లా బయటికి రాకముందే ఆపేసి, బ్యాగులో పెట్టి జిప్ వేసేయడం. బయటికొచ్చాక అరగంట నుంచి గంట దాకా బ్యాగు తెరవకండి. స్లీప్‌లో పెట్టడం సరిపోదు, పూర్తిగా ఆపండి. ఛార్జింగ్ రంధ్రంలో ఆకుపచ్చటి పొడి కనబడితే కరెంటు తీసేసి, 90 శాతానికి మించిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన మెత్తటి బ్రష్‌తో తుడిచి, బాగా ఆరాకే వాడండి. గోడలోని ప్లగ్గుల్ని కూడా ఓ కంట కనిపెట్టండి. లోపలి పలకలు తుప్పు పట్టి పట్టు వదులైతే వేడెక్కుతాయి. ప్లగ్గు చుట్టూ గోధుమ రంగు మచ్చ, కాలిన వాసన ఉంటే ఆ రోజే చెప్పి మార్పించండి.

ఇక బట్టలు, బూజు. ఒక్క లెక్క వేసి చూస్తే ఈ విషయం మొత్తం అర్థమైపోతుంది. మూడు మీటర్లు, నాలుగు మీటర్లు, ఎత్తు మూడు మీటర్లు ఉన్న రూమ్‌లో గాలి 36 ఘనమీటర్లు. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి మోయగలిగే నీరు దాదాపు 30 గ్రాములు. అంటే రూమ్ మొత్తం కలిపి కిలో చిల్లర, అదీ గాలి పూర్తిగా ఎండి ఉంటే. చేత్తో పిండిన ఒక బకెట్ బట్టల్లో రెండు లీటర్ల నీరు తేలిగ్గా ఉంటుంది. తలుపులు మూసి రూమ్‌లో ఆరేస్తే ఆ నీరు గాలిలో పట్టదు. గోడలోకి, పరుపులోకి, పుస్తకాల్లోకి పోతుంది. పదిరోజుల తర్వాత బీరువా వెనక నల్లటి చుక్కలై తేలుతుంది.

కాబట్టి పొద్దున ఆరింటికి ఉతికి, ఏడింటికి ఆరేసి, సముద్రపు గాలి లేచేలోపు తీసేయండి. మెషీన్ ఉంటే పిండే చుట్టు రెండుసార్లు వేయండి, రెండోసారి కరెంటు పెద్దగా కాలదు గానీ ఆరే సమయం బాగా తగ్గుతుంది. బట్టకు బట్టకు నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. కాలరు, నడుము పట్టీ, జేబు అడుగు చివరగా ఆరతాయి, మడత పెట్టే ముందు ఆ మూడూ తడిమి చూడండి. అనుమానం ఉంటే ఇస్త్రీ పెట్టేయండి. సముద్రంలో తడిసిన బట్టలు మాత్రం రెండుసార్లు మంచినీళ్లలో జాడించాల్సిందే. ఉప్పు మిగిలితే అవి ఎన్నాళ్లు ఆరేసినా చెమ్మగానే ఉంటాయి, కారణం పైన చెప్పుకున్నదే.

తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనుక్కోమని గట్టిగా చెబుతాను. చవక మీటర్లు పది పాయింట్లు అటూ ఇటూ చూపిస్తుంటాయి, దాన్ని పరీక్షించడానికి వంటింటి ఉప్పే చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత నీరు మాత్రమే చుక్కలుగా వేసి, మీటర్‌తో పాటు జిప్ సంచిలో మూసి ఒక రాత్రి వదిలేయండి. పొద్దుటికి 75 చూపించాలి. 70 చూపిస్తే, ఇక నుంచి కనబడే అంకెకు ఐదు కలుపుకోవాలి. రూమ్‌లో తేమ 60 లోపు ఉంటే బూజు లేవదు. 70 దాటి రోజుల తరబడి ఉంటే ఏ తోలు చెప్పో, గిటార్ పెట్టో దానికి మొదటి మేత.

సిలికా జెల్ పొట్లాలు బీరువాలో పడేసి నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. తలుపు సందుల్లోంచి కొత్త తేమ వస్తూనే ఉంటుంది, అవి రెండు రోజుల్లో నిండిపోతాయి. అదే గాలి చొరని మూత ఉన్న డబ్బాలో పెడితే అద్భుతంగా పని చేస్తాయి. 10 లీటర్ల డబ్బాలోని గాలిలో నీరు మహా ఉంటే 0.3 గ్రాములు, 50 గ్రాముల జెల్‌కు అదొక లెక్క కాదు. సర్టిఫికెట్లు, కెమెరా, హార్డ్ డిస్క్, మందులు అలాంటి డబ్బాలో ఉండాలి. జెల్ నిండిపోతే 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం రంగు గింజల్లో కోబాల్ట్ ఉంటుంది, వాటిని వంట చేసే ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. తేమ లాగే క్యాల్షియం క్లోరైడ్ డబ్బాల్లో అడుగున చేరే నీరు లోహాన్ని, తోలును తినేస్తుంది. అది నిండేదాకా ఆగకుండా పారబోయండి, బట్టల పైన ఎప్పుడూ పెట్టకండి.

బీరువా, పుస్తకాల అర బయటి గోడకు కనీసం పది సెంటీమీటర్ల ఎడంగా ఉండాలి. పరుపు నేల మీద వేయకండి. ఒంటి చెమట కిందికి దిగి చల్లటి నేల దగ్గర ఆగిపోతుంది, అడుగున బూజు కట్టాకగానీ తెలియదు. బూజు పొడిగా ఉన్నప్పుడు చీపురుతో దులపకూడదు, రూమంతా లేస్తుంది. మాస్కు కట్టుకుని, సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ పనికి దూరంగా ఉండాలి. పుస్తకం తడిస్తే చేతిలో ఉన్న సమయం రెండు రోజులు, ఆ తర్వాత బూజు మొదలవుతుంది. నిలబెట్టి, పేజీలు విప్పార్చి, ఇరవై పేజీలకొక టిష్యూ పెట్టి ఫ్యాన్ గాలికి ఉంచి, టిష్యూలు మారుస్తూ ఉండండి. నున్నటి కాగితమైతే తడి ఉండగానే పేజీలు విడదీయాలి, ఆరిందంటే అట్టలా అతుక్కుపోతుంది. ఒకేసారి పది పుస్తకాలు తడిస్తే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే ఆరబెట్టుకోవచ్చు.

బయట రూమ్ అద్దెకు తీసుకునేవాళ్లు సాయంత్రం చూడ్డానికి వెళ్లకండి. ఒక రాత్రంతా మూసి ఉంచిన రూమ్‌లోకి పొద్దున్నే అడుగు పెడితే ముక్కే నిజం చెబుతుంది. కిటికీ గడియలు, కుళాయి అడుగు, స్నానాల గది పైకప్పు మూలలు చూడండి. కొత్తగా రంగు వేసిన ఒక్క గోడ ఉంటే ఎందుకని అడగండి. కుళాయి నీళ్లలో సబ్బు నురగ రాకపోతే, బోరులోకి ఉప్పునీరు చేరి ఉండొచ్చు. ఇక పర్యాటకులు వచ్చే ఊళ్లలో సీజన్‌కొక అద్దె, మిగతా నెలలకొక అద్దె నడుస్తాయి. పరీక్షలు జరిగే నెలలోనే సీజన్ మొదలైతే ఖాళీ చేయమంటారు. ఒప్పందం ముగిసే తేదీ ఆఖరి పరీక్ష తర్వాత కనీసం రెండు వారాలకు పడేలా కాగితం మీద రాయించుకోండి. పార్ట్ టైమ్ పనులూ అంతే, సీజన్‌లోనే దొరుకుతాయి, సీజన్‌లోనే సెలవు ఇవ్వరు. సీజన్ అయిపోయాక ఆఖరి బస్సు వేళ కూడా ముందుకు జరగొచ్చు.

ఇప్పుడు నీళ్ల సంగతి. ఇక్కడ ఒక్క మాట కూడా తేలిగ్గా తీసుకోకండి.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు ఒడ్డుకు ఎక్కడం), రెండు పాట్లు (వెనక్కి దిగడం). ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి ఈ రోజు పోటు వచ్చిన వేళకంటే రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా ఎక్కి బాగా దిగుతుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా తక్కువ. ఎక్కే ఆరు గంటల్లో వేగం ఒకేలా ఉండదు. మొత్తం ఎత్తును పన్నెండు భాగాలు చేస్తే వరసగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి. పోటు తేడా మూడు మీటర్లున్న చోట మొదటి గంటలో 25 సెంటీమీటర్లే ఎక్కిన నీరు మూడో గంటలో 75 సెంటీమీటర్లు ఎక్కుతుంది. రాళ్ల వెనక కూర్చుని కబుర్లలో పడినవాళ్లు వచ్చిన దారి మునిగిపోయేది ఆ మూడో, నాలుగో గంటల్లోనే. రాళ్ల మీదికి వెళ్తే నీరు దిగుతున్నప్పుడు వెళ్లి, పూర్తిగా దిగిన వేళకల్లా వెనక్కి బయల్దేరండి.

స్నానానికి దిగేవాళ్లకు పెద్ద ప్రమాదం రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు తెచ్చిపోసిన నీరు తిరిగి వెళ్లడానికి ఒక సన్నని దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో అలలు విరగవు, నీరు ముదురు రంగులో, చుట్టుపక్కలకంటే నెమ్మదిగా కనబడుతుంది. ఈత రానివాళ్లు ప్రశాంతంగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. దిగే ముందు కాస్త ఎత్తైన చోట నిలబడి ఐదు నిమిషాలు చూడండి. రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతూ మధ్యలో ఖాళీ ఉందా? అక్కడ నురగ, ఇసుక లోపలికి పోతున్నాయా? ఉంటే అదే. రాతి కట్టల పక్కన, వంతెన స్తంభాల పక్కన ఇది తరచుగా ఉంటుంది. జోరుగా ఉన్నప్పుడు సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, ఒలింపిక్ ఈతగాడైనా ఎదురీదలేడు. దొరికిపోతే ఒడ్డు వైపు ఈదకండి. అది మిమ్మల్ని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది. వెల్లకిలా తేలండి, ఊపిరి నిలదొక్కుకోండి, చెయ్యెత్తి ఊపండి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు విరిగే చోటుకు ఈది, అక్కడినుంచి అలలతో పాటు బయటికి రండి.

మునిగిపోయే మనిషి అరవడు. నోరు నీటి మట్టం దగ్గరే ఉంటుంది, చేతులు పక్కలకు నీటిని నొక్కుతుంటాయి, చూసేవాళ్లకు నిలబడి ఉన్నట్టే అనిపిస్తుంది. ఒక నిమిషం లోపే అయిపోవచ్చు. క్లాసంతా కలిసి వెళ్తే ఒకరు ఒడ్డునే ఉండి పదేసి నిమిషాలకొకసారి తలలు లెక్కపెట్టాలి, ఆ పని మార్చుకుంటూ చేయండి. ఎవరైనా చిక్కుకుంటే వెనకాలే దూకకండి. స్నేహితుణ్ణి కాపాడబోయి పోయేవాళ్లు ప్రతిచోటా ఉన్నారు. మూత బిగించిన ఖాళీ క్యాన్, బంతి, ఏది తేలితే అది విసరండి, లైఫ్‌గార్డును పిలవండి. ఎరుపు పసుపు జెండాల మధ్య మాత్రమే దిగండి, ఒక్క ఎర్ర జెండా ఉంటే ఆ రోజుకు దిగొద్దు. మందు తాగాక, చీకటి పడ్డాక, ఒంటరిగా, ఈ మూడింట్లో ఏ ఒక్కటైనా సరే, వద్దు.

తీరంలో భూమి ఇరవై సెకన్లకు మించి కంపించినా, నీరు ఉన్నట్టుండి దూరంగా వెనక్కి పోయినా సునామీ హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా 30 మీటర్ల ఎత్తుకో, తీరానికి మూడు కిలోమీటర్ల దూరానికో కదలాలి. రెండూ కుదరకపోతే గట్టి కాంక్రీటు భవనం పై అంతస్తులు. మొదటి అల అన్నిటికంటే పెద్దది కానక్కర్లేదు, గంటల తరబడి వస్తూనే ఉంటాయి. తుఫాను సమయంలో గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే అది తుఫాను నడిమధ్య ఉండే కన్ను కావచ్చు, అవతలి సగం వ్యతిరేక దిశ నుంచి వస్తుంది, బయటికి రాకండి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజుల నీరు ముందే పట్టి పెట్టుకోండి. ప్రాజెక్టు ఫైళ్లు మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట ఉండే క్లౌడ్‌లో. హెచ్చరిక వచ్చిన రోజే అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేసేయండి, గడువు రోజున నెట్ ఉంటుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.

చివరగా సెలవులకు వెళ్లే ముందు రోజు పని. రెండు నెలలు మూసి ఉండే రూమ్ అంటే బూజుకు భయమే లేదు, హాయిగా పెరుగుతుంది. వెళ్లడానికి రెండు రోజుల ముందే ఆఖరి ఉతుకు అయిపోవాలి. బీరువా తలుపులు, సొరుగులు తెరిచే వదిలేయండి. పరుపును నిలువుగా గోడకు దూరంగా నిలబెట్టండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు సందులో ఒక గుడ్డ మడతపెట్టి అది మూసుకోకుండా చూడండి. ప్లగ్గులన్నీ పీకేయండి. సైకిల్ లోపలికి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, చైన్‌కు ఈసారి నూనె కాస్త ఎక్కువే ఉంచి, టైర్లలో గాలి నింపండి. తాళంలో గ్రాఫైట్ పొడి ఊది, తాళంచెవి నాలుగైదుసార్లు తిప్పండి. తిరిగొచ్చిన రోజు పొద్దున్నే చేరేలా టికెట్ తీసుకుంటే మంచిది, నేల గాలి ఉండగానే కిటికీలన్నీ తెరవొచ్చు.